తువ్వాల కింద బేరం

పెనుకొండ,
ఫిబ్రవరి రెండో వారం.

మామా,

చింతగింజల మూటలు చేరాయి. సులోచనత్త పంపిన చెనక్కాయల పొడి కూడా చేరింది, కానీ నా గదిలో ఉండే స్నేహితురాలే సగం తినేసింది కాబట్టి ఇంకో డబ్బా కావాలని అత్తకు చెప్పు.

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు, నేను అరుస్తాను, హిందూపురం మండీ అంతా వింటుంది. అందుకే హాస్టల్ రోజుల్లో లాగా మూటలతో ఉత్తరాలే మేలు. "నా గింజలు తీసుకపోయి ఆడ ఏం వండుతాండావమ్మీ?" అని పోయినసారి అడిగావు కదా, చెప్తాను.

చింతపండు ఒలిచాక మిగిలే గింజను నువ్వు చవగ్గా తోసేస్తావు. దాని పప్పుతో గంజి కాయవచ్చని పెద్దవాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. కానీ ఆ గంజి మర్నాటికి పులుస్తుంది, తర్వాత బూజు పడుతుంది, ఉడకబెడితే తప్ప కరగదు. నేను చేసిన పొడి చన్నీళ్ళలో కలిసిపోతుంది, నెలల తరబడి డబ్బాలో చెడకుండా ఉంటుంది. ధర్మవరం పట్టు పడుగుకు పూస్తే మగ్గం మీద దారం తెగడం బాగా తగ్గుతుంది. నీకు తేలిగ్గా అర్థం కావాలని వెనక పేజీలో నాలుగు కుండల బొమ్మ వేశాను. వేయించడం, పొట్టు తీసి పిండి పట్టడం, తోడు వేయడం, ఆరబెట్టడం. మూడో కుండే నా ఇన్నేళ్ళ కష్టం. ఏ తోడు వెయ్యాలో, ఎంత వేడిలో ఎంతసేపు ఉంచాలో దాని పక్కనే రాశాను.

ఇక ముఖ్యమైన మాట. మా యూనివర్సిటీ దీనికి పేటెంట్ కోసం అర్జీ పెడుతుంది. ఈ పద్ధతి మాది, మా మాట లేకుండా ఇంకెవరూ వాడకూడదు అని సర్కారు ఇచ్చే హక్కు అది. ల్యాబు వాళ్ళది, నా స్కాలర్‌షిప్పు వాళ్ళది, కాబట్టి హక్కు కూడా వాళ్ళ పేరునే ఉంటుంది. నేను దాన్ని లైసెన్సు మీద తీసుకుని, చిన్న కంపెనీ పెట్టి, పొడి చేసి అమ్మి, అమ్మకంలో కొంత వాళ్ళకు కట్టాలి. మండీలో నీ అంగడి కట్టడం నీది కాదు, బాడుగకు ఉన్నావు, వ్యాపారం మాత్రం నీది. ఇదీ అంతే.

యూనివర్సిటీలో ఈ పనులన్నీ చూసే తనూజ మేడమ్‌కు నా మీద నమ్మకం ఉంది. అర్జీ సక్రమంగా పడితే పెనుకొండలోనే ఒక షెడ్డు, యంత్రాలకు గ్రాంటు ఇప్పిస్తానంది. పడకపోతే నేను బెంగళూరులో ఏదో కంపెనీలో ఉద్యోగం వెతుక్కోవాలి. నాకది ఇష్టం లేదు మామా. మీకు దగ్గరగా ఉండి, నా చేత్తో మొదలుపెట్టిన పని నేనే నడపాలని ఉంది.

నీ కోడలు,
వసుధ


హిందూపురం,
ఫిబ్రవరి ఆఖరు.

గంజి కాచే సైంటిస్టమ్మకు, చెవిటి మేనమామ జయరామ్ రాసేది.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించాను. వండింది మా పిల్ల అయితే పిల్లే బాడుగ కట్టడమేమిటని ఆమెకు ఒకటే కోపం. అంగడి సంగతి చెప్పాక కాస్త చల్లబడింది. చెనక్కాయల పొడి రెండు డబ్బాలు పెట్టింది. ఒకటి నీ స్నేహితురాలికి, నీ డబ్బాలో చెయ్యి పెట్టకుండా.

ఇక్కడ సీజను జోరుగా ఉంది. నిన్న రొద్దం నుంచి మేలైన చింతపండు వచ్చింది. రైతు చెయ్యి పట్టుకుని, పైన తువ్వాల కప్పి, వేళ్ళు నొక్కి ధర చెప్పాను. మా అన్న సుబ్బన్న పక్కకు వచ్చి తొంగి చూడబోయాడు. "ఏమన్నా, తువ్వాలెత్తి చూస్తావా?" అని అందరి ముందే కసిరాను. ఇప్పుడు కుర్రవాళ్ళంతా ఫోన్లలో ధరలు చూసుకుంటున్నారు కానీ, మా ముసలివాళ్ళం కొందరం మాత్రం ఈ పద్ధతి వదల్లేదు. బేరం తెగేదాకా కింద ఏ వేలు నొక్కామో మూడోవాడికి తెలియకూడదు. అది మండీ మర్యాద.

నీ నాలుగు కుండల బొమ్మ ఎంత ముద్దుగా ఉందో! నాలాంటివాడికి కూడా అర్థమైపోయింది. అంగడిలో గల్లాపెట్టె మూత లోపల అతికించుకున్నాను. వచ్చినవాళ్ళందరికీ చెప్పాలని నోరు దురద పెడుతోంది, ఉగాది దాకా ఆగుతున్నాను. ఉగాదికి నీకొకటి చూపిస్తాను, ఏమిటని అడగొద్దు. నీ ఫొటో ఒకటి పంపు. ఆ తెల్లకోటులో ఉన్నది వద్దు, అందులో నువ్వు మందుల షాపు పిల్లలా ఉన్నావు. పట్టుచీర కట్టుకున్నది పంపు.

మామ


ధర్మవరం,
మార్చి మొదటి వారం.

మామా,

పొడిని మగ్గం మీద పరీక్షించడానికి ధర్మవరం వచ్చి, పట్టు నేసే కుళ్ళాయమ్మ ఇంట్లో ఉన్నాను. మగ్గం ఆమెదే, పొడి నాది. మొదటిరోజు ఆమె వేలితో గంజి తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా మొహం చూసింది. "ఇది వాసనే రాదేమ్మా? వాసన లేని గంజిని నమ్మేదెట్ల?" అంది. అయినా పడుగుకు పూసి, ఆరబెట్టి, నేత మొదలుపెట్టింది. సాయంత్రం మగ్గం దిగి నడుం విరుచుకుంటూ, "ఈ పొద్దు మగ్గం నాతో ఒక తిట్టు గూడా తిట్టించుకోలేదు" అంది. ఆ మాట విని నేను పెరట్లోకి పోయి కాసేపు ఒక్కదాన్నే నవ్వుకుంటూ నిలబడ్డాను. నా గైడు శ్రీకాంత్ సారు ఎన్నిసార్లు బాగుందన్నా నాకింత సంతోషం కలగలేదు.

ఉగాదికి రాలేను, ఇంకో పడుగు పూయాలి. అడిగిన ఫొటో ఇదిగో, అక్క పెళ్ళిలో తీసింది. దేనికో చెప్పవు. పెళ్ళి సంబంధాలకు పంపావో, నీతో మాటలుండవు.

వసుధ


హిందూపురం,
ఉగాది మర్నాడు.

బంగారు కోడలికి,

సంబంధాలకు కాదులే, భయపడకు. నిన్న పొద్దున్నుంచి మండీ గేటు దగ్గర జనం ఆగి ఆగి పోతున్నారు. "ఏమప్పా జయరామా, ఇది మీ కోడలేనా?" అని నన్ను ఆపి అడుగుతున్నారు. చెవిటివాణ్ణే అయినా ఆ ప్రశ్న మాత్రం ఎంత దూరం నుంచైనా వినపడుతోంది. నువ్వు వచ్చేదాకా తీయనివ్వను. వచ్చి నీ కళ్ళతో చూడు. నీ పచ్చడి వాటా మీ అత్త ఫ్రిజ్జులో దాచింది.

మామ


పెనుకొండ,
ఏప్రిల్ మొదట్లో.

మామా,

మండీ గేటు దగ్గర ఏం పెట్టావో కానీ నాకు ఊహ తట్టడం లేదు. అక్క పెళ్ళి ఫొటో పటం కట్టించావా? ఈ ఆదివారం తప్పక వస్తాను.

రెండో పడుగు కూడా బాగా వచ్చింది. వచ్చే వారమే పేటెంట్ అర్జీ వేస్తున్నాం. శ్రీకాంత్ సారు ఇంకో పరీక్ష చేద్దామని ఆపుతుంటే తనూజ మేడమ్ ఒప్పుకోలేదు. ఈ వ్యవహారంలో చిత్రమైన సంగతి ఒకటి ఉంది. అర్జీ వేసే రోజు వరకు ఆ పద్ధతి బయట ఎక్కడా కనపడకూడదట. కాన్ఫరెన్సులో చెప్పకూడదు, పత్రికలో రాయకూడదు, నలుగురు చూసే చోట పెట్టకూడదు. ఒకసారి లోకానికి తెలిసిపోతే అది కొత్తది కాదంటారు. ఇక యూనివర్సిటీ చేతిలో లైసెన్సు ఇవ్వడానికి ఏమీ మిగలదు, నాకు షెడ్డూ ఉండదు. అందుకే మా ల్యాబులో అందరం నోటికి తాళం వేసుకుని తిరుగుతున్నాం.

అత్తకు ముద్దులు.

వసుధ


హిందూపురం,
ఏప్రిల్.

వసుధకు,

ఇక్కడ అందరం బాగున్నాం. ఎండలు ముదిరాయి. ఈ ఆదివారం రావద్దు, మీ అత్త ఊళ్ళో ఉండదు.

చిన్న అనుమానం. ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నాను. ఎవరైనా తెలియక ఒక బొమ్మ ఎక్కడో పెట్టి, తెలిశాక వెంటనే తీసేస్తే, అది పెట్టనట్టే లెక్క కదా? తీసేశాక ఇంకేం కనపడుతుంది?

నువ్వు వేళకు తిను.

జయరామ్


పెనుకొండ.

మామా,

నువ్వు నాకు ఉత్తరాల్లో ఎప్పుడూ జయరామ్ అని సంతకం పెట్టవు.

ఏం చేశావు?

వసుధ


హిందూపురం,
ఏప్రిల్.

అమ్మీ,

చెప్తాను. అంతా చదివాకే కోప్పడు.

రవితేజ అని బస్టాండు దగ్గర ఫ్లెక్సీలు కొట్టే అబ్బాయి ఉన్నాడు. ఉగాదికి మండీ గేటు మీద పెద్ద ఫ్లెక్సీ వేయించాను. మధ్యలో పట్టుచీరలో నువ్వు. నీ పక్కన తువ్వాల భుజాన వేసుకుని నేను, నీకంటే కాస్త పెద్దగా వచ్చానని మీ అత్త దెప్పింది. అడుగున వరసగా మీ నాయన, సుబ్బన్న, మండీ ప్రెసిడెంటు, ఇంకా పదిమంది గుండ్రటి తలకాయలు. "హిందూపురం చింతగింజకు పట్టాభిషేకం చేసిన మా వసుధకు శుభాకాంక్షలు" అని రాయించాను. ఆ వాక్యం నాదే, అది రాసేటప్పుడు నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఇంకా ఖాళీ మిగిలింది. రవితేజ ఇంద్రధనుస్సు పెడతానన్నాడు. నేను గల్లాపెట్టె మూతకున్న నీ బొమ్మ తీసి ఇచ్చాను. "ఒక అచ్చరం గూడా పోకుండా పెద్దది చెయ్యబ్బా" అని నేనే చెప్పాను. నాలుగు కుండలూ వచ్చాయి. మూడో కుండ పక్కన నువ్వు రాసినదంతా నా అరచేతంత అక్షరాల్లో వచ్చింది.

నీ ఉత్తరం వచ్చిన గంటలోనే నిచ్చెన వేయించి తీయించాను. అప్పటికే దాన్ని చూడనివాళ్ళు లేరు. గింజలు కొనడానికి బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన ఫోన్లో ఫొటో కూడా తీసుకున్నాడు. మనమంటే ఎంత గౌరవమో అని నేను పక్కకు జరిగి చోటిచ్చాను.

మీ అత్త ఊళ్ళోనే ఉంది. అబద్ధం రాశాను. నీ ముందుకు రావడానికి మొహం చెల్లలేదు.

మామ


పెనుకొండ,
ఏప్రిల్.

మామా,

నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. ముందు ఆ మాట రాయకపోతే మిగతావి రాయలేను. ఉత్తరం చదివి ఏడ్చాను. నా బొమ్మ గేటుకు కట్టే ముందు ఒక్కసారి, ఒక్క ముక్క రాసి అడగలేకపోయావా?

ఉత్తరం పట్టుకుని నేరుగా తనూజ మేడమ్ దగ్గరికి పోయాను. ఆమె ఫ్లెక్సీ అనే మాట విని ముందు నవ్వింది, తర్వాత లేచి తలుపు వేసింది. ఆమె అడిగిన ప్రశ్న ఒకటే. "అది వేయడానికి నువ్వు ఒప్పుకున్నావా?" ఫొటో నేనే పంపాను, దేనికో తెలియకుండా. బొమ్మ మామకు అర్థం కావాలని వేశాను, ఊరంతటికీ చూపించమని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆమె లాయరుతో మాట్లాడింది. చట్టంలో ఒక సందు ఉందట. కనిపెట్టినవాళ్ళ అనుమతి లేకుండా ఇంకొకరు దాన్ని బయటపెడితే, తెలిసిన వెంటనే ఆలస్యం చేయకుండా అర్జీ వేస్తే, కొత్తదనం పోయినట్టు లెక్క కాదు. అర్జీ ఆ రోజే హడావిడిగా వేసేశాం. ఇప్పుడు నీ నుంచి నోటరీ ముందు ప్రమాణ పత్రం ఒకటి కావాలి. ఆ బొమ్మ నా దగ్గర నుంచి వచ్చిందనీ, నా అనుమతి లేకుండా, నన్ను అడగకుండా నువ్వు బయట పెట్టావనీ రాసి సంతకం చేయాలి. అది వస్తేనే లైసెన్సు కమిటీ నా ఫైలు చూస్తుంది. లేకపోతే పక్కన పెట్టేస్తుంది.

నమూనా ఇందులో పెట్టాను. త్వరగా పంపు.

వసుధ


హిందూపురం,
ఏప్రిల్ ఆఖరు.

వసుధకు,

నమూనా చదివాను. ఇది నా చేతకాదు.

అనుమతి లేకుండా అని రాయమంటావా? ఎవరి అనుమతి? మా ఇంట్లో ఉండి చదువుకున్నన్నాళ్ళూ ఫ్రిజ్జు తెరవడానికి నువ్వు నా అనుమతి అడిగావా? నీకు జ్వరమొస్తే ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తడానికి నేను మీ నాయన అనుమతి అడిగానా? మేనమామకూ మేనకోడలికీ మధ్య ఆ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ఆ కాగితం నేను పోయాక కూడా సర్కారు ఫైల్లో ఉంటుంది. జయరామ్ అనేవాడు వసుధ అనే ఆమెను అడగకుండా ఆమెది తీశాడని అందులో ఉంటుంది. చదివినవాళ్ళు మనం ఎవరికెవరమో అనుకుంటారు.

నేనొక మార్గం ఆలోచించాను. నువ్వే వెయ్యమన్నావని, మామాకోడళ్ళం కలిసి సంతోషంగా వేయించామని రాస్తాను. జరిమానా ఏమైనా ఉంటే నేనే కడతాను. అప్పుడు గొడవే ఉండదు కదా. మీ అత్త ఇది విని తల కొట్టుకుంది, ఎందుకో చెప్పదు. రెండు రోజులుగా నాతో సైగలతోనే మాట్లాడుతోంది.

నీ మామ


ధర్మవరం,
మే మొదటి వారం.

మామా,

నీ ఉత్తరం కుళ్ళాయమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివాను. నా కోపం పోయింది. నువ్వు బాధపడుతున్నావని తెలిసి నాకూ బాధగా ఉంది. కానీ నువ్వు చెప్పిన మార్గంలో పోతే నన్ను ప్రేమగా ముంచేస్తావు. నేనే వెయ్యమన్నానని రాస్తే, నా పద్ధతిని నేనే లోకానికి పంచిపెట్టినట్టు. అక్కడితో అంతా అయిపోతుంది. అదీ గాక అది అబద్ధం.

కుళ్ళాయమ్మకు అంతా చెప్పాను. ఆమె నాడెలో దారం కండె మారుస్తూ, "మీ మామకు చట్టం చెప్తే యాడ ఎక్కుతాదమ్మా? ఆయనకు తెలిసిన మాట చెప్పు" అంది. అందుకని నీకు తెలిసిన మాటే చెప్తాను.

పేటెంట్ అంటే తువ్వాల మామా. నేను, యూనివర్సిటీ చేతులు పట్టుకుని బేరంలో ఉన్నాం. అర్జీ పడేదాకా కింద ఏ వేలు నొక్కానో మూడో మనిషికి కనపడకూడదు. నువ్వు ప్రేమతోనే, గర్వంతోనే వచ్చావు. కానీ తువ్వాల ఎత్తి మండీ గేటుకు కట్టావు.

సుబ్బన్న మామ నీకు తోడబుట్టిన అన్న. ఆయన పెళ్ళిలో నువ్వు తోడుపెళ్ళికొడుకువి. మీ ఇద్దరి అంగళ్ళకూ మధ్య గోడ కూడా లేదు. అయినా ఫిబ్రవరిలో ఆయన తొంగి చూడబోతే అందరి ముందే కసిరానని నువ్వే రాశావు. అంటే ఆయన నీకు పరాయివాడా? కాదు కదా. మరునాడు ఇద్దరూ ఒకే ప్లేటులో బోండాలు తిని ఉంటారు. ఆ తువ్వాల దగ్గర అన్నకైనా అనుమతి కావాలి, అంతే. నువ్వు నన్ను అడగలేదని రాస్తే మన మధ్య ఏదీ తెగదు. నాకూ ఒక తువ్వాల ఉందని ఒప్పుకున్నట్టు అవుతుంది.

నాకు షెడ్డు కావాలి మామా. దానికంటే ముందు, నువ్వు నా మొహం చూడటానికి భయపడటం మానాలి. రెండూ నీ చేతుల్లోనే ఉన్నాయి.

వసుధ


హిందూపురం,
మే.

మా వసుధకు,

నీ ఉత్తరం అంగడిలో కూర్చుని మళ్ళీ మళ్ళీ చదివాను. బేరానికి వచ్చిన రైతు కూడా కాసేపు చూసి టీ తాగడానికి పోయాడు. ఇన్నేళ్ళు తువ్వాల పట్టుకున్నవాణ్ణి, నాకు తట్టకపోవడం ఏమిటని సిగ్గేసింది. నువ్వు చిన్నపిల్లవనే అనుకుంటూ ఉన్నాను. చిన్నపిల్లల చేతిలో ఏముందో విప్పి చూస్తాం కదా, అలాగే చూశాను. నీ చేతిలో ఇప్పుడు నీ వ్యాపారం ఉంది. తప్పు నాదేనమ్మీ.

బోండాల మాట నిజమే.

మర్నాడే నోటరీ కొండప్ప దగ్గరికి పోయాను. కాగితం చదివి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "ఏమప్పా, కోడలి బొమ్మ దొంగిలించినావా?" అన్నాడు. ఇంతకుముందైతే నేను కొట్లాడేవాణ్ణి. "దొంగతనం కాదబ్బా, తువ్వాలెత్తినా" అన్నాను. ఆయన నాయన కూడా మండీలో దలాలీ చేసినవాడే, వెంటనే అర్థం చేసుకుని కలం నా చేతికిచ్చాడు. "ఆమె అనుమతి లేకుండా" అన్న చోట నా చెయ్యి ఆగింది. నీ మొహం తలచుకుని సంతకం పెట్టేసి, ముద్ర కొట్టించుకున్నాను. నువ్వేమీ అనుకోవు కదా?

కాగితం కొరియరులో పంపబుద్ధి కాలేదు. నువ్వు ధర్మవరంలో ఉన్నావు కాబట్టి నేనే బస్సెక్కి పెనుకొండ పోయి, వాళ్ళనూ వీళ్ళనూ అడుగుతూ తనూజ మేడమ్ గది పట్టుకున్నాను. ఆమె నాకంటే గట్టిగా మాట్లాడుతుంది, నా చెవికి సరిపోయింది. కాగితం చదివి, "ఇది గ్యారంటీ కాదండీ. పేటెంటు ఇస్తారో లేదో తేలడానికి ఏళ్ళు పడుతుంది. కానీ తలుపు తెరిచే ఉంది, కమిటీకి పెడతాను" అంది. ఫ్లెక్సీ ఫొటో ఉందా అని అడిగింది, ఫైలుకట. చూపించాను. "ఇందులో మీరే పెద్దగా ఉన్నారే" అని ఆమె కూడా దెప్పింది.

అక్కడితో లేచి రావాల్సింది. కానీ నేను వ్యాపారం చేసేవాణ్ణి కదా. అమ్మకంలో మా పిల్ల మీకెంత కట్టాలి అని అడిగాను. అది కమిటీ చెప్తుంది, నా చేతిలో లేదు అంది. మీ మనసులో మాటే చెప్పండి అని టేబుల్ మీద తువ్వాల పరిచాను. ఏమిటిది అంటే పద్ధతి చెప్పాను. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, నిజంగానే కింద చెయ్యి పెట్టింది.

ఏ వేలు నొక్కిందో, నేనేం నొక్కానో నీకు చెప్పను. బేరం ఇంకా తెగలేదు.

మామ


పెనుకొండ,
ఆగస్టు.

మామా,

కమిటీ ఒప్పుకుంది! లైసెన్సు నా కంపెనీకే ఇచ్చారు. పేటెంటు రాకపోతే ఏం చేయాలో కూడా ఒప్పందంలో రాశారు, కానీ దాని గురించి ఈ రోజు ఆలోచించను. బెంగళూరు ఆయన ఫొటో తీసుకుని ఏం చేస్తున్నాడో తెలియదు. మన అర్జీ ముందుగా పడింది కాబట్టి దాన్ని పట్టుకుని నిలబడదాం అని మేడమ్ అంది. షెడ్డు తాళం ఇప్పుడు నా చేతిలోనే ఉంది. పిండి మర వచ్చేసింది. శ్రీకాంత్ సారు వచ్చి మూడో కుండకు, అంటే ఇప్పుడది పెద్ద స్టీలు ట్యాంకు, కుంకుమ బొట్టు పెట్టి పోయారు.

యూనివర్సిటీకి అమ్మకంలో ఎంత కట్టాలో ఒప్పందంలో చూసి, ఇంకా ఎక్కువ అడుగుతారనుకున్నానే అన్నాను. తనూజ మేడమ్ నవ్వింది. "కమిటీయే వేసింది, నేను కాదు. కానీ మీ మామ వేళ్ళకు దగ్గరగానే వచ్చింది" అంది. ఎంత అడిగినా అంతకు మించి చెప్పదు. మీరిద్దరూ కలిసి నన్ను ఏడిపిస్తున్నారు.

కుళ్ళాయమ్మ తన వీధిలో అందరికీ పొడి అడుగుతోంది. శ్రావణమాసంలోనే షెడ్డు తెరుస్తున్నాను. గింజలు సిద్ధంగా పెట్టు. నువ్వూ అత్తా ముందురోజే రావాలి.

వసుధ


హిందూపురం,
ఆగస్టు.

వసుధ కంపెనీ యజమానురాలికి, గింజల వ్యాపారి జయరామ్ విన్నపం.

మీ షెడ్డు ప్రారంభోత్సవానికి ఒక ఫ్లెక్సీ వేయించాలని అనుకుంటున్నాను. ఇందుకు మీ అనుమతి కోరుతున్నాను. రవితేజ తయారు చేసిన నమూనా ఇందులో ఉంది. చదివి, తప్పులుంటే దిద్ది, అనుమతి ఇస్తేనే అచ్చు వేయిస్తాను. ఇవ్వకపోతే మామిడాకులు కట్టుకుని వస్తాం.

కుండల బొమ్మ లేదు, చూసుకో. ఆ చోట ఇంద్రధనుస్సు వేశాడు. నీ ఫొటో ఒక్కటే పెట్టించాను. గుండ్రటి తలకాయలన్నీ తీయించాను, నాది కూడా. పోయినసారి నేను దానిమీద ఉండి చేసింది చాలు. నేను కింద జనంలో నిలబడి చూస్తాను, అది చాలు నాకు.

మీ అత్త మళ్ళీ నోటితోనే మాట్లాడుతోంది. ఆపడం కష్టంగా ఉంది.

మామ


పెనుకొండ,
ఆగస్టు.

మామా,

నీ విన్నపం అందింది. నమూనా చూశాను. అనుమతి ఇవ్వడం లేదు.

ఇంద్రధనుస్సు తీసేయించు, బాగాలేదు. ఆ చోట నీ ఫొటో పెట్టించు, ఉగాది రోజు పెట్టిందే. భుజాన ఆ తువ్వాల ఉండాలి. నాకంటే కాస్త పెద్దగా వచ్చినా ఫరవాలేదు. నువ్వు మూటలు పంపకపోతే నేను ల్యాబులో ఉత్త నీళ్ళు కాచేదాన్ని. నువ్వు సంతకం పెట్టకపోతే ఈ షెడ్డుకు తాళం కూడా ఉండేది కాదు. జనంలో నిలబడి చూస్తానంటే ఒప్పుకోను. నా పక్కన నిలబడు, తలుపు మనమిద్దరం కలిసి తీద్దాం.

ఇలా మార్చి వేయిస్తే నాకు పూర్తి సమ్మతమే. కావాలంటే ఈ ఉత్తరాన్ని కొండప్ప దగ్గరికి తీసుకుపోయి ముద్ర కొట్టించుకో.

నీ కోడలు,
వసుధ